నార్కట్‌పల్లి దగ్గర లిథియం బ్యాటరీల యూనిట్ పెట్టవచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిర్యాలగూడలో మీ బావమరిదికి పాత సామాన్ల దుకాణం ఉంది. ఏడాదిగా బ్యాటరీ ఆటోలవి, స్కూటర్లవి పాత ప్యాకులు వస్తున్నాయి, ఇప్పటికి నలభై దాకా పోగయ్యాయి. నల్లగొండ జిల్లా నార్కట్‌పల్లి దగ్గర మీకు ఎకరం జాగా, అందులో ఒక రేకుల షెడ్డు ఉన్నాయి. పాతిక లక్షలు పెట్టి ఒక గ్రైండరు, నాలుగు యాసిడ్ ట్యాంకులు కొంటే లిథియం, కోబాల్ట్ తీసి అమ్ముకోవచ్చని యంత్రాలు అమ్మే ఆయన ఒకరు చెప్పారు. పెట్టమంటారా, వద్దంటారా అని అడిగారు.

యాసిడ్ ట్యాంకులు కొనకండి తమ్ముడూ. షెడ్డు మాత్రం ఎవరికీ అద్దెకు ఇవ్వకండి, దానికి పని ఉంది.

నా గురించి రెండు మాటలు. జడ్చర్లలో ట్రాక్టర్, ఇన్వర్టర్ బ్యాటరీల దుకాణంతో మొదలుపెట్టాను. తర్వాత ఆరేళ్ళు వేరే రాష్ట్రంలో ఒక లిథియం రీసైక్లింగ్ ప్లాంటులో ప్యాకులు విప్పే విభాగం చూసుకున్నాను. ఇప్పుడు మళ్ళీ ఊరికి వచ్చి పాత ప్యాకులు కొనడం, పరీక్షించడం, రకం వారీగా వేరుచేసి ప్లాంట్లకు పంపడం చేస్తున్నాను. కాబట్టి మిమ్మల్ని ఏ వైపు పొమ్మంటున్నానో ఆ వైపే నా వ్యాపారమూ ఉంది. ఆ సంగతి మనసులో పెట్టుకునే చదవండి.

పాత సామాన్ల వాళ్ళు లిథియం దగ్గర బోల్తా పడటానికి కారణం సీసం బ్యాటరీ. అది నేర్పిన లెక్క వేరు. దాన్ని పగలగొడితే బరువులో సగానికి పైగా సీసమే. 327 డిగ్రీలకే కరుగుతుంది. ఏ కంపెనీది అయినా, ఏ సైజుది అయినా కాటా మీద పెడితే రేటు తేలిపోతుంది. (పెరట్లో అలా కరిగించిన వాళ్ళ ఇళ్ళల్లో పిల్లల రక్తంలోకి ఏం చేరిందో అది వేరే కథ.) అదే లెక్కతో లిథియం ప్యాకును తూకం వేస్తే నష్టపోయేది మనమే. లిథియం బ్యాటరీ అనేది ఇంటిపేరు లాంటిది. ఒకే ఇంటిపేరుతో ఊళ్ళో రైసుమిల్లు యజమానీ ఉంటాడు, ఆ మిల్లులో బస్తాలు మోసేవాడూ ఉంటాడు.

సెల్‌ఫోన్లు, పాత ల్యాప్‌టాప్‌ల బ్యాటరీల్లో క్యాథోడ్ పొడి (సెల్ లోపల ప్లస్ వైపు రేకుకు పూసే పొడి) ఎక్కువగా లిథియం కోబాల్ట్ ఆక్సైడ్. ఆ పొడి బరువులో 60 శాతం కోబాల్టే. ‘లిథియం బ్యాటరీలో బంగారం’ అనే ప్రచారమంతా అక్కడి నుంచి పుట్టింది. మన దగ్గర చాలా స్కూటర్లలో వాడేది ఎన్‌ఎంసీ, అంటే నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన పొడి. బ్యాటరీ ఆటోల్లో, ఇన్వర్టర్లలో ఎక్కువగా వచ్చేది ఎల్‌ఎఫ్‌పీ. అందులో లిథియం, ఇనుము, ఫాస్ఫేట్ తప్ప మరేమీ లేవు. నికెల్ లేదు, కోబాల్ట్ గ్రాము కూడా లేదు. మీ నలభైలో ఎక్కువ భాగం ఆటోలవే అన్నారు కాబట్టి అవి ఎల్‌ఎఫ్‌పీ అయ్యే అవకాశమే ఎక్కువ.

అంకెల్లో చూద్దాం. ఆటోలో ఉండే 51.2 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల ఎల్‌ఎఫ్‌పీ ప్యాకు తీసుకోండి. సుమారు 5 యూనిట్ల కరెంటు పట్టే ప్యాకు, బరువు యాభై కిలోల దరిదాపు. అంత కరెంటు పట్టాలంటే లోపల క్యాథోడ్ పొడి పదిన్నర, పదకొండు కిలోలు ఉంటుంది. ఆ పొడిలో లిథియం 4.4 శాతం. అంటే మొత్తం ప్యాకులో అర కిలో కూడా లేదు. ఒక్క గ్రాము కూడా పోకుండా తీయగలిగితే రెండున్నర కిలోల లిథియం కార్బొనేట్ వస్తుంది. మీ నలభై ప్యాకులూ కలిపి ఒక క్వింటాలు. పెరటి ట్యాంకుల్లో సగం చేతికి వచ్చినా గొప్పే, వచ్చిన దానిలోనూ మలినాలు ఉంటాయి. బ్యాటరీ తయారుచేసేవాళ్ళు అడిగే శుద్ధత 99.5 శాతం. అంతకంటే తక్కువైతే రేటు వేరు, కొనేవాళ్ళు వేరు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే, పైగా ఆ తవ్వకం యాసిడ్‌తో.

అదే 3 యూనిట్ల స్కూటరు ప్యాకు, లోపల నికెల్ ఎక్కువున్న ఎన్‌ఎంసీ అనుకోండి. ఆటో ప్యాకులో సగం బరువు కూడా ఉండదు. కానీ అందులో నికెల్ రెండు కిలోలు, కోబాల్ట్ పావు కిలో, లిథియం 300 గ్రాముల దాకా ఉంటాయి. తుక్కుగా దీని విలువ ఎక్కడ, ఆటో ప్యాకు విలువ ఎక్కడ! మీ బావమరిది ఈ రెండింటినీ ఒకే కిలో రేటుకు కొంటున్నారా? అదే అయితే యూనిట్ మాట తర్వాత, ముందు కొనుగోలు పద్ధతి మార్చుకోవాలి.

ఏది ఏదో గుర్తుపట్టడం కష్టం కాదు. లేబుల్ మీద 51.2 ఉంటే లోపల సెల్స్ 16 వరుసలు, ఒక్కొక్కటి 3.2 వోల్టులు. అది ఎల్‌ఎఫ్‌పీ. 3.6, 3.7 గుణిజాలు వస్తే ఎన్‌ఎంసీ. చిక్కంతా 48 దగ్గర వస్తుంది. 3.2 చొప్పున 15 వరుసలు పెట్టినా 48, 3.7 చొప్పున 13 పెట్టినా 48. అలాంటప్పుడు మూత తెరిచి వరుసలు లెక్కపెట్టాలి. లేదా పూర్తిగా చార్జి చేసి ఒక్కో వరుసను మల్టీమీటరుతో చూడాలి. ఎల్‌ఎఫ్‌పీ 3.65 దగ్గర ఆగుతుంది, ఎన్‌ఎంసీ 4.2 దాకా పోతుంది. లేబుల్‌ను మాత్రమే నమ్మకండి. సందులో మరమ్మతు చేసేవాళ్ళు లోపలి సెల్స్ మార్చి పాత డబ్బాలోనే పెట్టేస్తారు. నా దగ్గరికి వచ్చిన ఒక ప్యాకులో రెండు రకాల సెల్స్ పక్కపక్కనే కనిపించాయి. అది ఆటోలో ఎన్నాళ్ళు తిరిగిందో, తగలబడకుండా ఎలా తిరిగిందో ఆ దేవుడికే తెలియాలి.

మూత తెరిచే పని గురించి కొంచెం వివరంగా చెబుతాను. మీరు చేసినా చేయకపోయినా మీ బావమరిది దగ్గర పనిచేసే పిల్లలు ఈపాటికే ఉలి, సుత్తి పట్టుకుని ఉంటారని నా అనుమానం.

ప్యాకు టేబుల్ మీద పెట్టారు. మల్టీమీటరు రెండు ముల్లులూ బయటి టెర్మినళ్ళకు ఆనించారు. సున్నా చూపించింది. చచ్చిన బ్యాటరీ అనుకుంటాం. అక్కడే ప్రాణం మీదికి వస్తుంది. లోపల బీఎంఎస్ అనే ఒక పలక ఉంటుంది, అది కాపలాదారు. సెల్స్‌లో చార్జి ఒక హద్దు కన్నా తగ్గినా, ఎక్కడైనా తేడా కనిపించినా బయటి దారి మూసేస్తుంది. వీధి తలుపు వేసి ఉన్నంత మాత్రాన ఇంట్లో మనుషులు లేనట్టు కాదు కదా. మూత తీసి, సిలికాన్ జిగురు కోసి, నికెల్ పట్టీల మీద మీటరు పెడితే ఒక్కో వరుస మూడు వోల్టులు చూపిస్తుంది. అప్పుడు స్పానరు జారి రెండు పట్టీల మధ్య పడితే స్పానరే వెల్డింగ్ రాడ్డవుతుంది. నా ఎడమచేతి ఉంగరం వేలికి ఆ మచ్చ ఇంకా ఉంది. అప్పటి నుంచి మా షెడ్డులో ఉంగరం, కడియం, వాచీ గుమ్మం బయటే వదిలిపెట్టాలి. స్పానర్లన్నిటికీ పిడి దాకా రబ్బరు తొడుగు ఉండాలి.

చార్జి దించడానికి ఉప్పునీళ్ళ డ్రమ్ములో వేయమని వీడియోల్లో చెబుతారు. వద్దు. టెర్మినళ్ళు ముందు తుప్పుపట్టి ఊడిపోతాయి, లోపలి చార్జి లోపలే ఉండిపోతుంది. సెల్ చిల్లు పడితే ఆ నీళ్ళు విషమవుతాయి. మేం వాడేది చాలా మామూలు సరంజామా. 12 వోల్టుల హెడ్‌లైట్ బల్బులు నాలుగు వరుసగా కలిపి 48 వోల్టుల ప్యాకుకు, బీఎంఎస్‌ను దాటి నేరుగా సెల్స్ వైపు తగిలిస్తాం. బల్బులు మొదట పెళ్ళి పందిరిలా వెలుగుతాయి. గంటలు గడిచేకొద్దీ ఎర్రబడి ఆరిపోతాయి. తర్వాత కూడా ఒక రాత్రి అలాగే ఉంచి మళ్ళీ మీటరు పెట్టి చూస్తాం, ఎందుకంటే లోడు తీయగానే వోల్టేజి కొంత తిరిగి లేస్తుంది. ఇది తుక్కుకు పోయే ప్యాకులకు మాత్రమే. మళ్ళీ వాడాలనుకునే వాటిని ఇలా అడుగంటా దించితే అవీ తుక్కే అవుతాయి.

ఇప్పుడు నా తప్పు ఒకటి. తిరిగి వచ్చిన మొదటి ఏడాది, వానాకాలం. అద్దె స్కూటర్లు నడిపే ఒక సంస్థ నుంచి అరవై ప్యాకులు వచ్చాయి. చీకటి పడుతోంది, చినుకులు మొదలయ్యాయి, హమాలీలు వెళ్ళిపోవాలని తొందరపడుతున్నారు. ఒకదాని మీద ఒకటి పేర్చి తాళం వేశాను. కింద వరుసలో ఒకటి ఉబ్బి ఉందని చూసుకోలేదు. రాత్రి రెండింటికి పక్క పొలంలో కాపలా ఉన్న పెద్దాయన ఫోను చేశారు. వెళ్ళేసరికి ముందు వాసన తగిలింది. కాలిన రబ్బరు వాసన కాదు, గోళ్ళ రంగు సీసా మూత తీసినట్టు తియ్యటి వాసన. తెల్లటి పొగ నేల మీద పాకుతోంది. లోపల టపటపమని సెల్స్ పేలుతున్నాయి, పెనం మీద మొక్కజొన్న గింజలు వేగినట్టు. పొడి సిలిండరు కొడితే మంట ఆరింది. హమ్మయ్య అనుకునేలోపే మళ్ళీ అంటుకుంది. రెండోది కొట్టాం, మళ్ళీ అదే. ఆ మంటకు పొడి చాలదు. లోపలి వేడి పక్క సెల్‌కు పాకకుండా చల్లబరిచేవి నీళ్ళే. లిథియం నీళ్ళు తగిలితే మండుతుందని బడిలో చదివింది గుర్తొచ్చి మొదట నీళ్ళు పోయడానికి భయపడ్డాను. ఈ సెల్స్‌లో ఉండేది లోహపు లిథియం ముద్ద కాదు. ఎక్కువ నీళ్ళు, చాలాసేపు పోయాలి. ట్యాంకరు వచ్చేసరికి మిగతా ప్యాకులను కర్రలతో బయటికి ఈడ్చేశాం. పదిహేను పోయాయి, రేకులు నాలుగు పోయాయి, మనుషులకు పెద్దగా ఏమీ కాలేదు. కానీ ఆ పొగ పీల్చిన కుర్రవాడు మూడు రోజులు దగ్గాడు. అందుకే చెబుతున్నాను, పొగ వస్తే గాలికి ఎదురుగా నిలబడకండి, గాలి ఎటు నుంచి వస్తుందో అటు వీపు పెట్టి ఉండండి. ఇక ఆ పోసిన నీళ్ళు బావి వైపు, కుంట వైపు పారకుండా ముందే చిన్న కట్ట వేసుకోవాలి.

బావి మాట వచ్చింది కాబట్టి మీ యాసిడ్ ట్యాంకుల దగ్గరికే వస్తాను.

అసలైన ప్లాంటులో ఏం జరుగుతుందో క్లుప్తంగా చెబుతాను. చార్జి దించిన ప్యాకును విప్పుతారు. సెల్స్‌ను గాలి చొరబడని యంత్రంలో, నైట్రోజన్ నింపి ముక్కలు చేస్తారు. ఆవిరయ్యే ద్రావకాన్ని వేడిచేసి పట్టుకుంటారు. జల్లెడ పడితే వెంట్రుక కంటే పలచని రాగి రేకు, అల్యూమినియం రేకు ఒకవైపు, నల్లపొడి మరోవైపు వస్తాయి. దీన్నే బ్లాక్ మాస్ అంటారు. చేతికి అంటితే రెండు రోజులు పోదు. అందులో మూడో వంతుకు పైగా గ్రాఫైటు, మిగతాది క్యాథోడ్ పొడి. ఈ పొడిని సల్ఫ్యూరిక్ యాసిడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన ద్రావణంలో కరిగిస్తారు. అందులో నుంచి ఇనుము, అల్యూమినియం, రాగి మలినాలను ముందు తొలగిస్తారు. తర్వాత ప్రత్యేక ద్రావకాలతో మాంగనీసును, కోబాల్టును, నికెల్‌ను ఒకదాని తర్వాత ఒకటి విడదీస్తారు. చివర మిగిలిన దానిలో సోడా యాష్ వేసి వేడిచేస్తే లిథియం కార్బొనేట్ తెల్లగా కిందికి దిగుతుంది. చక్కెర వేడి నీళ్ళలో ఎక్కువ కరుగుతుంది, లిథియం కార్బొనేట్ తక్కువ కరుగుతుంది. దాని తిరకాసు తీరే ఇక్కడ పనికొస్తుంది. కొలిమి పద్ధతి కూడా ఉంది. 1,400 డిగ్రీలకు పైన కరిగిస్తే నికెల్, కోబాల్ట్, రాగి కలిసి ముద్దగా వస్తాయి, లిథియం చిట్టెంలోకి పోతుంది. ఎల్‌ఎఫ్‌పీలో ఆ ముద్దకు నికెలూ కోబాల్టూ లేవు కాబట్టి ఆ దారి దండగ.

మీకు యంత్రాలు అమ్ముతానన్న ఆయన ఇందులో ‘యాసిడ్‌లో కరిగించడం’ అనే ఒక్క మెట్టు చెప్పి మిగతా మెట్లు మింగేశారు. కరిగించడం అన్నిటికంటే సులువు. విడదీయడం, ఆ తర్వాత మిగిలిన నీళ్ళను ఏం చేయాలన్నది, అదీ అసలు పని.

ఆ నీళ్ళ సంగతి నల్లగొండ మనిషికి నేను చెప్పాలా? సెల్ లోపలి ద్రవంలో ఉండే ఉప్పు లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్. దాని బరువులో నాలుగింట మూడు వంతులు ఫ్లోరినే. తేమ తగిలితే విడిపోయి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ అవుతుంది. చర్మం మీద పడితే మొదట మంట కూడా పెద్దగా తెలియకపోవచ్చు, లోపలికి ఇంకి ఒంట్లోని కాల్షియాన్ని పట్టుకుంటుంది. అందుకే ప్లాంట్లలో కాల్షియం గ్లూకోనేట్ జెల్ ట్యూబు చేతికి అందేలా గోడకు తగిలించి ఉంచుతారు. పైన లెక్క వేసిన ఆటో ప్యాకునే తీసుకుంటే అందులోని ద్రవంలో ఫ్లోరిన్ తక్కువలో తక్కువ అర కిలో ఉంటుంది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అర కిలోను ఆ లెక్కన భాగించండి, మూడు లక్షల లీటర్లకు పైగా వస్తుంది. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు అరవైకి పైగా. ఒక్క ప్యాకుకు! మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు వంకరపోయిన కాళ్ళతో పెరిగిన తరాలను చూసిన జిల్లాలో, కృష్ణా నీళ్ళు ఇళ్ళకు వచ్చాక ఊపిరి పీల్చుకున్న జిల్లాలో, చేజేతులా బోరు పక్కన ఆ నీళ్ళు ఇంకనిస్తామా?

పెద్ద ప్లాంట్లలో ఈ ఫ్లోరైడును సున్నంతో పట్టి కాల్షియం ఫ్లోరైడుగా కిందికి దించుతారు. సున్నం, పటిక వేసి తాగునీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతి ఒకటి నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించినది ఉంది. దాన్ని ప్రపంచమంతా పిలిచేది ‘నల్లగొండ టెక్నిక్’ అనే. మీ జిల్లా పేరు రసాయన పుస్తకాల్లోకి ఎక్కింది ఆ కష్టం వల్ల. సున్నం వేశాక మిగిలే బురదను కూడా ఎక్కడపడితే అక్కడ పోయడానికి లేదు, దుండిగల్ లాంటి చోట ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి డబ్బు కట్టి పంపాలి. దాని మీద ఉప్పునీళ్ళను ఆవిరిచేసే యంత్రాలు. ఇవన్నీ పెడితే పాతిక లక్షలు పునాదులకు సరిపోవు. ఇవేవీ పెట్టకపోతే కాలుష్య నియంత్రణ మండలి అనుమతి రాదు, రాకూడదు కూడా. చౌటుప్పల్, చిట్యాల రైతులు బోరు నీళ్ళ గురించి ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నది మీకు తెలియనిది కాదు.

సరే, డబ్బు ఎక్కడుంది మరి? ప్యాకుకూ ప్లాంటుకూ మధ్య ఉంది. ప్లాంట్ల వాళ్ళకు కావలసింది సరుకు. అదీ రకం వేరుచేసిన, చార్జి దించిన, లెక్కలున్న సరుకు. మిర్యాలగూడ, సూర్యాపేట, దేవరకొండ, కల్వకుర్తి ఊళ్ళల్లో ఆటో మెకానిక్కు షెడ్డు వెనక పడి ఉన్న నాలుగు ప్యాకుల కోసం వాళ్ళు లారీ పంపలేరు. మీరు పంపగలరు.

అంతకంటే పెద్ద మాట, వచ్చే ప్యాకులన్నీ తుక్కు కాదు. నా అనుభవంలో పదింటిలో రెండో మూడో బీఎంఎస్ పోయినవో, ఒక కనెక్షన్ ఊడినవో, ఒకే ఒక్క వరుస నీరసించినవో అయి ఉంటాయి. పూర్తిగా చార్జి చేసి, తెలిసిన లోడు మీద దించి, ఎన్ని ఆంపియర్ అవర్లు ఇచ్చిందో కొలవండి. వంద అని రాసి ఉన్నది డెబ్బై ఇస్తే ఆటోకు పనికిరాదు గానీ ఇన్వర్టరుకు ఇంకా కొన్నేళ్ళు చాకిరీ చేస్తుంది. కొలిచాక రెండు వారాలు కదపకుండా ఉంచి మళ్ళీ వోల్టేజి చూడండి. మిగతావాటి కంటే ఎక్కువ దిగిన వరుసను నిర్దాక్షిణ్యంగా తీసేయండి. మా దగ్గర మంచి సెల్స్ సగం సోలార్ లైట్లకు, మిగతా సగం బత్తాయి తోటల్లో మందు కొట్టే పంపులకు పోతాయి. ఒక రైతు పాత సీసం బ్యాటరీ పంపు మోసీ మోసీ భుజం పోయిందని, దీని బరువు చూసి నవ్వుతూ తీసుకెళ్ళారు. తుక్కుగా అమ్మితే వచ్చే దానికి ఇది ఎన్నో రెట్లు. ఒక్క గీత మాత్రం దాటకండి: ఏరి కట్టిన ప్యాకును తిరిగి వాహనంలో పెట్టడానికి అమ్మవద్దు. 2022లో స్కూటర్లు వరుసగా తగలబడ్డాక వాహన బ్యాటరీల భద్రతా ప్రమాణం ఏఐఎస్ 156ను గట్టిగా బిగించారు. మన షెడ్డులో కట్టినదానికి ఆ పరీక్షలు చేసే స్తోమత మనకు లేదు.

కాగితాల పని విసుగు పుట్టిస్తుంది, కానీ లాభం అందులోనే ఉంది. 2022 ఆగస్టులో కేంద్రం బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు తెచ్చింది. బ్యాటరీ మార్కెట్లోకి తెచ్చినవాళ్ళే దాన్ని వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత మోయాలి. భూమిలో పూడ్చడం, కాల్చడం నిషేధం. కరెంటుతో నడిచే వాహనాల బ్యాటరీ బరువులో (తడి లేకుండా తూచి) ఎంత పదార్థం తిరిగి రాబట్టాలో కూడా నిర్ణయించారు: 2024-25లో 70 శాతం, 2025-26లో 80, 2026-27 నుంచి 90. ఆ వాహనాల కొత్త బ్యాటరీల్లో 2027-28 నుంచి 5 శాతం పాత పదార్థం ఉండాలి, 2030-31కి అది 20 శాతానికి పెరగాలి. రీసైక్లింగ్ చేసినవాళ్ళకు సర్టిఫికెట్లు వస్తాయి, తయారీదారులు వాటిని కొనుక్కోవాలి. దాని వల్ల బిల్లు లేని ప్యాకు కంటే బిల్లు, తూకం చీటీ, ఎక్కడి నుంచి వచ్చిందో రాసిన రిజిస్టరు ఉన్న ప్యాకుకు ప్లాంటు వాళ్ళు మంచి ధర ఇస్తారు. మరమ్మతు చేసి తిరిగి అమ్మేవాళ్ళు కూడా కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదు కావాలి. మొదటి రోజు నుంచే కాగితం సరిగా పెట్టుకోండి.

సబ్సిడీ గురించి కూడా అడిగారు. 2025 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం కీలక ఖనిజాల రీసైక్లింగ్‌కు 1,500 కోట్ల పథకం ఆమోదించింది. అందులో మూడో వంతు చిన్న, కొత్త సంస్థలకు కేటాయించారు. నిజమే. కానీ అది ఖనిజాన్ని చివరిదాకా తీసేవాళ్ళకే, నల్లపొడి తయారుచేసి ఆపేసేవాళ్ళకు కాదు. మీ గ్రైండరుకు ఆ డబ్బు రాదు. ఎప్పటికైనా రసాయనం వైపు పోవాలన్న కోరిక ఉంటే హైదరాబాద్ చర్లపల్లిలోని కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీ-మెట్ తయారుచేసిన లిథియం రీసైక్లింగ్ టెక్నాలజీని 2023లో తొమ్మిది సంస్థలకు బదిలీ చేసిన సంగతి చూడండి. యంత్రాల ఏజెంటు మాట వినేకంటే అక్కడికి వెళ్ళి శాస్త్రవేత్తలను అడగడం నయం. నార్కట్‌పల్లి నుంచి రెండు గంటల ప్రయాణం కూడా కాదు.

మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 2023 మేలో అమరరాజా గిగా కారిడార్‌కు శంకుస్థాపన జరిగింది. పదేళ్ళలో 9,500 కోట్లు, 16 గిగావాట్ అవర్ల సెల్ తయారీ లక్ష్యం. అక్కడి నుంచి తుక్కు వస్తుందని చాలామంది ఆశపడుతున్నారు. కొత్త సెల్ ఫ్యాక్టరీల్లో మొదట్లో తిరస్కరించిన సరుకు చాలా పడుతుంది, అబద్ధం కాదు. అయితే అది శుభ్రమైన, ఒకే రకం తుక్కు. పెద్ద ప్లాంట్లు ముందే ఒప్పందాలు రాసుకుని ఎత్తుకుపోతాయి. మనకు దక్కేది ఊళ్ళల్లో తిరిగి తిరిగి అలసిన ప్యాకు. దాన్ని సేకరించే ఓపిక వాళ్ళకు ఉండదు, అదే మన బలం.

ధర గురించి ఒక హెచ్చరిక. 2022 చివర్లో చైనాలో లిథియం కార్బొనేట్ టన్ను దాదాపు 6 లక్షల యువాన్లకు పోయింది. 2024 మొదట్లో లక్ష దరిదాపులకు పడిపోయింది. ఇంకా పెరుగుతుందని నేను నాలుగు టన్నుల తుక్కు ప్యాకులు దాచి కూర్చున్నాను. అమ్మేనాటికి కొన్న ధర కూడా రాలేదు, పైగా అన్నాళ్ళూ నిద్ర లేదు. మిర్చి అయితే కోల్డ్ స్టోరేజీలో దాచుకుని రేటు కోసం చూడవచ్చు. ఇది దాచేకొద్దీ నిప్పు. వచ్చిన తుక్కును నెల తిరగకుండా పంపేయడం ఇప్పుడు నా నియమం.

మీ పాతిక లక్షల్లో పది దాకా షెడ్డుకు, పరీక్షా యంత్రాలకు, తొడుగులున్న పనిముట్లకు, నీళ్ళ ట్యాంకుకు, నమోదు ఖర్చులకు పెట్టండి. మిగతాది సరుకు కొనడానికి, ఇద్దరు ఐటీఐ ఎలక్ట్రీషియన్ పిల్లల జీతానికి. మొదటి ఏడాది పెద్దగా మిగలదు. నాకు మిగలలేదు.

అన్నిటికంటే ముందు, ఈ ఆదివారమే మిర్యాలగూడ వెళ్ళండి. ఆ నలభై ప్యాకులను దుకాణం లోపలి నుంచి బయటికి తీయించండి. ఎండ, వాన తగలని చోట, ఒకదాని మీద ఒకటి కాకుండా, మధ్య మూరెడు ఎడం వదిలి పెట్టించండి. ఉబ్బినవి, నొక్కుకుపోయినవి, చేయి పెడితే వెచ్చగా అనిపించేవి ఏరి మిగతావాటికి దూరంగా ఇసుక పోసిన ఇనుప డ్రమ్ముల్లో, మూత బిగించకుండా ఉంచండి. టెర్మినళ్ళకు టేపు చుట్టించండి. పిల్లల చేతుల్లోని ఉలి, సుత్తి తీసి లోపల పెట్టించండి. తర్వాత లేబుళ్ళన్నీ ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి. ఏది ఏ రకమో, వేటిని ముందు కొలవాలో ఒక్కొక్కటిగా చూసి చెబుతాను.